గండికోట రిసార్టుల్లో పనిచేసేవాళ్లకి అద్దె గదులు కట్టాలంటే ఏం చేయాలి, ఎట్లా చేయాలి

కడప జిల్లా గండికోటకి జనం బాగా పెరిగారు. శని ఆదివారాలొస్తే బెంగళూరు కార్లే కార్లు, కోట చుట్టూ టెంట్ల క్యాంపులు, హరిత హోటల్ ఎప్పటినుంచో ఉండనే ఉంది, 2023 జూలైలో ఒబెరాయ్ హోటల్‌కి శంకుస్థాపన అయింది, 2024 చివర్లో కేంద్రం గండికోట డెవలప్‌మెంట్‌కి 77.91 కోట్లు శాంక్షన్ చేసింది. అంతా బాగానే ఉంది గానీ ఆ దుప్పట్లు ఉతికేవాళ్లు, వంట చేసేవాళ్లు, రాత్రి గేటు దగ్గర కూర్చునేవాళ్లు యాడ పడుకుంటారు అనేది మాత్రం ఎవరూ అడగరు. కిచెన్ వెనక స్టోర్ రూమ్‌లో సిలిండర్ల పక్కన చాప వేసుకుని పడుకునేవాళ్లు ఉన్నారు, కిందున్న జమ్మలమడుగు టౌన్‌లో ఒక్క గదిలో ఆరుగురు ఏడుగురు ఉంటూ రోజూ పైకీ కిందకీ తిరిగేవాళ్లూ ఉన్నారు.

ఆ రోడ్డు మీద మీకు రొంత స్థలం ఉండి స్టాఫ్ కోసం గదులు కట్టాలని అనుకుంటుంటే ఇది మీ కోసమే. ఒక మాట ముందే చెప్తా. కట్టడం కష్టం కాదు, మేస్త్రీ దొరికితే ఆర్నెల్లలో లేస్తుంది. ఆ గదులు పనోళ్ల చేతిలోనే ఉండేట్టు చూసుకోవడమే అసలు కష్టం, ఎందుకంటే రెండో సీజన్‌కే "అన్నా ఈ శనివారం ఒక్కటి గెస్టుకి ఇద్దాం, పదిహేను వందలు వస్తాయి" అని ఎవరో ఒకరు అంటారు, ఇంట్లోవాళ్లే అంటారు. కింద చెప్పే ప్రతి పనీ ఆ ఒక్కటి మనసులో పెట్టుకుని చేయాలి.

ముందు తలకాయలు లెక్కపెట్టండి

స్థలం, ప్లాను, లోను అన్నీ తర్వాత. ముందు ఒక నోటుబుక్కు తీసుకుని కోట దాకా వెళ్లండి, ప్రతి క్యాంపు, ప్రతి హోటలు, ప్రతి దాబా మేనేజర్‌ని కలవండి. "మీకు స్టాఫ్ ఎంతమంది" అని అడిగితే గొప్పకి ఎక్కువ చెప్తారు, అట్లా కాకుండా "పోయిన మే నెలలో జీతం ఎంతమందికి ఇచ్చారు" అని అడగండి. ఎండాకాలంలో కూడా ఉన్నవాళ్లే మీకు ఏడాది పొడుగునా అద్దె కట్టేవాళ్లు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా సీజన్ కదా, అప్పుడొచ్చే హెల్పర్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, సాయంత్రానికి ఇంటికి పోతారు, వాళ్లకి గది అవసరం లేదు, రాత్రి షిఫ్ట్‌కి బండి అవసరం. గది కావాల్సింది బయటినుంచి వచ్చిన కుక్కులు, హౌస్‌కీపింగ్ పిల్లలు, రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లు, సూపర్‌వైజర్లకి. వీళ్లలో ఆడవాళ్లు ఎంతమంది, పెళ్లయి ఫ్యామిలీ తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఎంతమంది అనేది విడిగా రాసుకోండి.

మేనేజర్ మాట ఒక్కటే పట్టుకోవద్దు. పనోళ్లు టీ తాగే చోట కూర్చుని ఇప్పుడు ఎంత కడుతున్నారు, జీతం ఏ తారీఖున పడుతుంది, రాత్రి డ్యూటీ ఎన్నింటికి దిగుతుంది, ఈ మూడు అడగండి చాలు. డ్యూటీ పదకొండుకి దిగే పిల్లోడికి జమ్మలమడుగులో ఎంత మంచి గది ఇచ్చినా, ఆ టైముకి బస్సూ ఆటో ఏదీ లేకపోతే వాడు మళ్లీ స్టోర్ రూమ్‌లోనే పడుకుంటాడు.

స్థలం ఎక్కడ

అందరికీ కోట పక్కనే కావాలని ఉంటుంది, వద్దు. గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. 2010లో చట్టం సవరించాక రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు పర్మిషన్ తీసుకుని మాత్రమే కట్టాలి. ఆ పర్మిషన్ కోసం తిరిగే ఓపికతో కింద రెండు బిల్డింగులు కట్టొచ్చు. పైగా కోట పక్కన కడితే అది టూరిస్టు గది కాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు, కిటికీ లోంచి లోయ కనపడితే దానికి రేటు వేరే అయిపోతుంది.

నా ఓటు కోటకీ జమ్మలమడుగుకీ మధ్య రోడ్డు మీద, జమ్మలమడుగు వైపుకి జరిగి. మొత్తం దూరం పదిహేను కిలోమీటర్లే. ఊరికి దగ్గరైతే సరుకులు, ఆసుపత్రి, పిల్లలకి బడి, అన్నీ ఉంటాయి, వ్యూ లేదు కాబట్టి టూరిస్టు ఆశా ఉండదు. ఇంకో లాభం, పీఎం ఆవాస్ యోజన అర్బన్ 2.0 లో అద్దె ఇళ్లకి ప్రత్యేకంగా ఒక భాగం పెట్టారు, అది పట్టణాల స్కీము, అంటే జమ్మలమడుగు టౌన్ పరిధిలో స్థలం ఉంటే మున్సిపల్ ఆఫీసులో అడగడానికి మీకు దారి ఉంటుంది, గండికోట పంచాయతీలో ఉంటే ఆ దారి ఉంటుందో లేదో ముందే కనుక్కోవాలి. అంతకుముందు 2020లో తెచ్చిన అద్దె ఇళ్ల స్కీములో డార్మిటరీకి మంచానికి 10 చదరపు మీటర్లు, సింగిల్ బెడ్రూంకి 30 చదరపు మీటర్ల దాకా అని లెక్క పెట్టారు, మీరు స్కీములోకి పోయినా పోకపోయినా ఆ కొలత దగ్గర పెట్టుకోండి, పనికొస్తుంది.

ఇంకో సంగతి, కట్టకముందే జమ్మలమడుగులో ఖాళీగా ఉన్న పోర్షన్లు చూడండి. ఓనర్లు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉండి తాళం వేసినవి దొరుకుతాయి. అట్లాంటివి రెండు మూడు మీరే లీజుకి తీసుకుని, రిపేరు చేయించి, ఒక సీజన్ నడిపి చూడండి. నడపడం మీకు వస్తుందో రాదో అందులో తేలిపోతుంది, ఖర్చు కూడా తక్కువ.

కాగితాలు

స్థలం కొనేట్టయితే ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో 1బి, అడంగల్ (భూమి ఎవరి పేరున, ఎవరి చేతిలో ఉందో చెప్పే రికార్డులు), సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల లిస్టు), రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా, ఈ నాలుగూ చూడందే అడ్వాన్స్ ఇవ్వొద్దు. మన వైపు డీకేటీ పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములు చాలా ఉన్నాయి, 1977 చట్టం ప్రకారం వాటిని మామూలుగా అమ్మడానికి లేదు, 2023లో ఇరవై ఏళ్లు దాటిన వాటికి సడలింపు ఇచ్చారు గానీ అది ఎమ్మార్వో ఆఫీసులో తేల్చుకోవాలి, "అగ్రిమెంట్ రాసుకుందాం, తర్వాత చూద్దాం" అనేవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. గండికోట దగ్గర ఇంకో రెండు ప్రత్యేకంగా చూడాలి. ఒకటి, ఎర్రమల కొండల వైపు రిజర్వు ఫారెస్టు హద్దు. రెండు, రిజర్వాయర్. 26.85 టీఎంసీల కెపాసిటీ దానిది, దానికోసం ఎన్నో ఊళ్ల భూములు తీసుకున్నారు, నష్టపరిహారం తీసుకున్న భూమినే మళ్లీ చూపించి అమ్మజూసేవాళ్లు ఉంటారు, కాబట్టి సర్వే నంబరు పట్టుకుని ఇరిగేషన్ వాళ్ల దగ్గర ఒకసారి అడగండి.

వ్యవసాయ భూమి అయితే కట్టేముందు వ్యవసాయేతరంగా మార్చుకోవాలని ఇదివరకు నాలా చట్టం ఉండేది. ఈ నాలా రూల్స్ ఈ మధ్య మారాయి, పాత లెక్కలు చెప్పే బ్రోకర్ మాట వినకుండా సచివాలయంలోనో ఎమ్మార్వో ఆఫీసులోనో ఈరోజు ఎంత అనేది కనుక్కోండి. తర్వాత ప్లాన్ అప్రూవల్, బోరు వేస్తే భూగర్భ జలాల వాడకం చూసే వాల్టా చట్టం కింద పర్మిషన్, ఇవి మామూలే. చాలామంది మర్చిపోయేది లేబర్ సెస్సు, కట్టుబడి ఖర్చు మీద వేస్తారు, మీకు పడుతుందా, ఎంత పడుతుంది అనేది లేబర్ ఆఫీసులో అడగండి.

డబ్బు లెక్క

ఇది కాగితం మీద వేయకుండా పునాది తీయొద్దు. నేను ఒక ఉదాహరణ వేస్తా, అంకెలు మీ రేట్లకి మార్చుకోండి. ఎనిమిది గదులు, గదికి మూడు మంచాలు, మొత్తం ఇరవై నాలుగు. వరండా, బాత్రూములు, వంటగది అన్నీ కలిపి 2,400 చదరపు అడుగులు. అడుగుకి 1,700 అనుకుంటే 40 లక్షల 80 వేలు, స్థలం మీదే అనుకుందాం. ఇరవై లక్షలు లోను పది శాతం వడ్డీకి పదిహేనేళ్లకి తీసుకుంటే నెలకి కంతు దగ్గరదగ్గర 21,500.

మంచానికి 2,000 అద్దె పెట్టారు. సీజన్లో 85 శాతం నిండితే 40,800 వస్తుంది. నీళ్లు, కరెంటు, ఊడ్చే ఆమె జీతం, చిల్లర రిపేర్లు కలిపి 14,000 తీసేస్తే 26,800, కంతు పోగా 5,300 చేతిలో ఉంటుంది. బాగుంది కదా, ఇప్పుడు ఏప్రిల్ మే చూడండి. 60 శాతమే నిండితే 28,800, ఖర్చు తీస్తే 14,800, కంతు కట్టడానికే నెలకి 6,700 మీ జేబులోంచి పోతుంది. సరిగ్గా ఈ నెలల్లోనే మనిషికి టూరిస్టు ఆలోచన వస్తుంది. మూడు మంచాల గది పనోళ్లకి ఇస్తే నెలకి ఆరు వేలు, అదే గది శని ఆదివారాలు గెస్టులకి పదిహేను వందలకి ఇస్తే ఎనిమిది రాత్రులకి పన్నెండు వేలు. ఎవరికైనా మనసు లాగుతుంది, తప్పు పట్టను. కానీ శుక్రవారం సాయంత్రం పెట్టె సర్దుకుని బయటికి పోవాల్సిన గదిలో ఏ కుక్కూ ఉండడు, వాడు పోతే రిసార్టూ పోతుంది, సోమవారం నుంచి గురువారం దాకా మీ గది ఖాళీ.

కొలరాడోలో వెయిల్ అని మంచు కొండల మీద టూరిస్టు ఊరు ఉంది, అక్కడా ఇదే గోల, ఇళ్లన్నీ గెస్టులకి పోయి పనోళ్లకి చోటు లేకుండా పోయింది. 2017 నుంచి అక్కడి టౌన్ వాళ్లే ఓనర్లకి డబ్బులిచ్చి "ఈ ఇల్లు ఇక్కడ పనిచేసేవాళ్లకి తప్ప ఇంకొకరికి ఇవ్వం" అని దస్తావేజులోనే రాయించుకుంటున్నారు, తర్వాత ఇల్లు ఎవరు కొన్నా ఆ షరతు ఇంటితోనే పోతుంది. మన దగ్గర పంచాయతీ డబ్బులివ్వదు, కాబట్టి ఆ పని రిసార్టు వాళ్లతో చేయించుకోవాలి.

రిసార్టులతో ఒప్పందం

ఎండాకాలం లోటు తీరాలంటే కొన్ని మంచాలకి ఏడాదంతా డబ్బు గ్యారంటీగా రావాలి. రెండు మూడు రిసార్టులని కూర్చోబెట్టి "పద్నాలుగు మంచాలు మీకు రిజర్వు, మనిషి ఉన్నా లేకున్నా అద్దె మీదే" అని అడగండి. 28,000 ఖాయంగా వస్తుంది, మిగతా పది మంచాల్లో సగం నిండినా ఇంకో పదివేలు, మే నెల కూడా గట్టెక్కుతారు. వాళ్లకేం లాభం అంటారా, మంచి కుక్కు మూడు నెలలకే మానేసి పోతే కొత్తోడ్ని వెతికి నేర్పించే ఖర్చు వాళ్లకి బాగా తెలుసు. దానికి బదులుగా వాళ్లు పెట్టే షరతు కూడా రాయించుకోండి, ఈ గదులు టూరిస్టులకి ఇస్తే ఆ నెల గ్యారంటీ డబ్బు ఇవ్వం అని. మీ చేతులు మీరే కట్టేసుకున్నట్టు అవుతుంది, మంచిదే, ఇంట్లోవాళ్లు అడిగితే కాగితం చూపించొచ్చు.

పదకొండు నెలల అగ్రిమెంటు అలవాటు కదా మనకి, కానీ దీనికి మూడేళ్లు రాయించుకోండి, ఏడాది దాటిన లీజు కచ్చితంగా రిజిస్టర్ చేయించాలి, స్టాంపు ఖర్చుకి వెనకాడొద్దు. ఎవరైనా ఒక రిసార్టు ముందే రెండు మూడు లక్షలు అడ్వాన్స్ ఇచ్చి అద్దెలో పట్టుకుంటాం అంటే ఒప్పుకోండి, బ్యాంకు వడ్డీ తగ్గుతుంది.

జీఎస్టీ సంగతి. మంచం లెక్కన మనిషికి నెలకి 20,000 లోపు అద్దె, కనీసం 90 రోజులు వరసగా ఉండేట్టయితే 2024 జూలై నుంచి దానికి జీఎస్టీ లేదు. రోజువారీ గెస్టులకి ఇస్తే ఈ మినహాయింపు వర్తించదు, గుర్తుపెట్టుకోండి. అట్లా కాకుండా నివాసపు ఇల్లుగా జీఎస్టీ నంబరు ఉన్న రిసార్టుకే నేరుగా అద్దెకిస్తే 2022 జూలై 18 నుంచి 18 శాతం రివర్స్ చార్జి కింద, అంటే ఓనర్ కాకుండా అద్దెకి తీసుకున్నవాళ్లే కట్టే పద్ధతిలో, ఆ రిసార్టే కట్టుకోవాలి. ఏ పద్ధతో ముందే మాట్లాడుకోండి, లేకపోతే మూడో నెలలో "ఆ పద్దెనిమిది అద్దెలో తగ్గించు" అని మీ మీద పడతారు.

పనోడి పక్షాన ఒక షరతు మీరే పెట్టండి. ఉద్యోగం పోయిన రాత్రే గది కూడా పోకూడదు, పదిహేను రోజులు టైమివ్వాలి. మేనేజర్‌తో గొడవపడిన పిల్లోడిని రాత్రి పదింటికి సంచితో రోడ్డు మీద నిలబెట్టడం నేను చూశాను, జమ్మలమడుగు బస్టాండు దాకా నడిచిపోయాడు. జీతంలోంచి అద్దె కోసి రిసార్టు మీకు ఇచ్చేట్టు వద్దు, పనోడే మీకు కట్టాలి, మంచం ఖాళీగా ఉన్నప్పుడు ఆ గ్యారంటీ తేడా మాత్రం రిసార్టు కట్టాలి.

కట్టుబడి

మన దగ్గర మెటీరియల్‌కి లోటు లేదు. సిమెంటు ఫ్యాక్టరీలు ఎర్రగుంట్ల, మైలవరం వైపు పక్కనే, ఆర్టీపీపీ కరెంటు ప్లాంటు బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుకలు దగ్గర్లోనే దొరుకుతాయి, నాపబండలైతే చెప్పే పనే లేదు. టైల్స్ జోలికి పోకుండా కింద బండలే పరిపించండి, మంచం ఈడ్చినా పగలదు, చల్లగా ఉంటుంది. గోడలో అరలు, వంట గట్టు, కిటికీ మీద సన్‌షేడ్ అన్నీ బండలతోనే.

జమ్మలమడుగు ఎండ సంగతి మీకు తెలిసిందే. ఏసీ పెట్టలేం కాబట్టి కప్పు మీదే కష్టపడాలి. పడమటి గోడకి కిటికీలు పెట్టొద్దు, బాత్రూములు, మెట్లు ఆ వైపుకి నెట్టేయండి, గదులకి ఎండ తగలకుండా అవే అడ్డం ఉంటాయి. మిద్దె మీద తెల్ల సున్నం ప్రతి మార్చిలో కొట్టించండి, ఫెవికాల్ కలిపి కొడితే రాలదు. ఎండాకాలం ఎట్లాగూ అందరూ మిద్దె మీదే పడుకుంటారు, ఆపలేరు, ఆపకూడదు కూడా, అందుకని పిట్టగోడ నడుము పైదాకా లేపించి పైన ఒక కుళాయి, ఒక లైటు పెట్టించండి.

గదిలో మనిషికి ఏం కావాలో మంచం పక్కన నిలబడి ఆలోచించండి. ఆరడుగుల మంచం, దాని కింద పెట్టె పట్టేంత ఎత్తు, తల దగ్గర సొంత ప్లగ్గు, తాళం వేసుకునే చిన్న అల్మరా, యూనిఫాం తగిలించే కొక్కెం. ప్లగ్గు ఒక్కటే ఉంటే రాత్రి ఫోన్ చార్జింగ్ దగ్గర రోజూ గొడవ. నైట్ డ్యూటీ వాళ్లకి రెండు గదులు విడిగా చివర్లో ఇవ్వండి, పగలు నిద్రపోవాలి కాబట్టి మందం కర్టెన్లు, వంటగదికి దూరం. ఆడవాళ్ల గదులకి వేరే మెట్లు, వేరే గేటు, లోపలినుంచి గట్టి గడియ, ఇది ప్లాన్ గీసేటప్పుడే చెప్పాలి, తర్వాత కుదరదు. బట్టలు ఆరేసే తీగలు ఎంత పెట్టినా తక్కువే. వంటగదిలో స్టవ్‌లు రెండు చోట్ల పెట్టించండి, ఒకరు సంగటి కెలుకుతుంటే ఇంకొకరు రొట్టెలు చేసుకోవాలి కదా. ఫ్యామిలీ అడిగేవాళ్లు నలుగురైదుగురు తేలితే ఇదే బిల్డింగులో ఇరికించొద్దు, పక్కన రెండు చిన్న పోర్షన్లు విడిగా వేయండి.

నీళ్లూ సెప్టిక్ ట్యాంకూ

మనిషికి రోజుకి 135 లీటర్లు వేసుకుంటే ఇరవై నాలుగు మందికి 3,240 లీటర్లు. రెండు రోజులకి సరిపడా సంపు కట్టించండి, కరెంటు పోయినా, బోరు మోటారు కాలినా ఆగదు. బోరు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో పరీక్ష చేయించి అప్పుడు తాగడానికి పనికొస్తాయో లేదో చెప్పండి, లేకపోతే క్యాన్ నీళ్ల ఖర్చు అద్దెలో కలుపుకోండి. సెప్టిక్ ట్యాంకు సంగతి, కొండ వైపు రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది, అక్కడ ఇంకుడు గుంత ఇంకదు. గుంత తవ్వి నీళ్లు పోసి ఒక రాత్రి చూడండి, తెల్లారి నీళ్లు అట్లాగే ఉంటే ట్యాంకు పెద్దది కట్టించి బండి పిలిపించే ఖర్చు నెలవారీ లెక్కలో రాసుకోండి. బోరుకి కనీసం యాభై అడుగుల దూరం ఉండాలి.

ఊరోళ్లతో, పనోళ్లతో

"బ్యాచిలర్స్ వస్తే గొడవలు" అని చుట్టుపక్కల అంటారు. పునాది తీయకముందే నలుగురు పెద్దమనుషుల్ని కలిసి ఎవరు వస్తారు, గేటు ఎప్పుడు వేస్తారు, ఏమన్నా అయితే ఎవరికి ఫోన్ చేయాలి చెప్పేయండి. ఊడ్చే పని, నీళ్ల పని ఆ వీధి వాళ్లకే ఇస్తే సగం నోళ్లు మూతబడతాయి. ఇంకొకటి, ఒరిస్సా, బెంగాల్ పిల్లోళ్లని, మన వాళ్లలో కొందర్నీ "ఏమోళ్లు మీరు" అని కులం అడిగి గది లేదని పంపేసే అలవాటు మన ఊళ్లలో ఉంది. మీ గేటు దగ్గర ఆ ప్రశ్న వినపడకూడదు, ఆధార్ జిరాక్సు, రిసార్టు ఐడీ కార్డు, ఇంటి దగ్గర ఒక ఫోన్ నంబరు, ఇంతే అడగండి, ఆ లిస్టు ఒక కాపీ పోలీస్ స్టేషన్లో ఇవ్వండి.

అడ్వాన్స్ ఒక నెలకి మించి తీసుకోవద్దు, కొత్తగా చేరినోడి దగ్గర మూడు నెలల డబ్బు ఉండదు. అద్దె తారీఖు ఒకటి అని పెట్టారంటే ప్రతి నెలా అడుక్కోవాలి, జీతాలు ఏడుకో పదికో పడతాయి, పన్నెండు అని పెట్టండి. కరెంటు గదికో సబ్ మీటరు, ఎవరు వాడింది వాళ్లు కడతారు, కామన్ లైట్లు మీవి. అద్దె ఏడాదికి ఐదు శాతం పెంచుతాం అని మొదటి రోజే కాగితంలో రాసేయండి.

రాత్రి బండి సంగతి మర్చిపోవద్దు. గ్యారంటీ ఇచ్చిన రిసార్టులన్నీ కలిసి ఒక టెంపో మాట్లాడుకుంటే పొద్దున ఆరింటికి ఒక ట్రిప్పు, మధ్యాహ్నం షిఫ్ట్ మారేటప్పుడు ఒకటి, రాత్రి పదకొండున్నరకి ఒకటి సరిపోతుంది. దీన్ని కూడా అదే అగ్రిమెంటులో రాయించండి, విడిగా మాట మీద వదిలేస్తే సీజన్ అయిపోగానే మొదట ఆగేది ఆ టెంపోనే. డ్రైవర్‌కి కూడా మీ దగ్గరే ఒక మంచం ఇచ్చేయండి, రాత్రి ట్రిప్పు దింపి బండి గేటు లోపలే పెట్టుకుంటాడు, పొద్దున ఆరింటి ట్రిప్పుకి వాడి కోసం ఎదురుచూడక్కర్లేదు.